దాక్కున్న వేళ్ళు

సూపర్‌వైజరు జనార్దనం సారు తనంతట తాను టీ తెప్పించాడంటే ఎవరికో ఏదో మూడిందని అర్థం. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఆ రేకు సామాన్ల కంపెనీలో పనిచేసే అందరికీ ఆ సంగతి తెలుసు. శుక్రవారం పొద్దున ఆ టీ మోహన్‌రాజ్ ముందుకొచ్చింది. గాజు గ్లాసులో, మీగడ తేలుతూ.

మోహన్‌రాజ్ ఎడమచేత్తో అందుకున్నాడు. కుడిచెయ్యి ఎప్పట్లాగే తువ్వాల్లో చుట్టి ఒళ్ళో ఉంది. గాయం మానిపోయింది. కట్టు విప్పి చాలా రోజులైంది. తువ్వాలు మాత్రం దిగలేదు.

"ఏం రా మోహనా, ప్యాకింగు ఎట్ట ఉంది?"

"ఉంది సార్."

"ఫ్యాను కింద కూర్చునే పని. నేను దా చెప్పి వేయించినా. మనోడు గదా అని."

ఆ కంపెనీలో ఇంట్లో తెలుగు, అదీ తమిళం కలిసి 'నే' బదులు 'దా' పడే తెలుగు, మాట్లాడుకునేవాళ్ళు వీళ్ళిద్దరే. లీవు అడిగితే జనార్దనం తమిళంలో కసురుతాడు. ఆదివారం డ్యూటీకి రమ్మనాల్సి వస్తే తెలుగులోకి దిగి, మనోడు అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా మోహన్‌రాజ్‌కు వెన్నులో ఏదో పాకినట్టు ఉంటుంది.

"సోమవారం ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వస్తా ఉంది. లేడీసు. నీ యాక్సిడెంటు గురించి దా. ప్రెస్సు బటను ఎవరు కట్టినారని నిన్ను అడుగుతుంది."

మోహన్‌రాజ్ నోట్లో టీ నోట్లోనే ఉండిపోయింది.

ఆ ప్రెస్సుకు రెండు పచ్చ బటన్లు. ఒకటి ఈ పక్క, ఒకటి ఆ పక్క. రెండు అరచేతులూ రెండిటి మీదా పడితేనే పైనున్న డై, ఆ ఇనప అచ్చు, కిందికి దిగి రేకును కొడుతుంది. రెండు చేతులూ బయటే ఉన్నాయని మిషనుకు నమ్మకం కలగాలన్నమాట. ఎవడో దాన్ని చేసినవాడు మనిషి చేతుల గురించి ఒక్క క్షణం ఆలోచించాడు. కానీ అట్లా నొక్కుతూ కూర్చుంటే రేకు పెట్టేదెప్పుడు, తీసేదెప్పుడు, ఉత్పత్తి తేలేదెప్పుడు? అందుకని కుడిపక్క బటను అణిగే ఉండేలా సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టేస్తారు. ఇక ఎడమచెయ్యి బటను మీద, కుడిచెయ్యి డై కింద. చెయ్యి లోపలుందో బయటుందో మిషనుకు తెలియదు. దిగమంటే దిగుతుంది. ఆ రోజూ అట్లాగే దిగింది. చూపుడు వేలు, నడిమి వేలు పోయాయి.

"నేనే కట్టుకున్నా అని చెప్పు. పని బిరీన అవుతుందని కట్టుకున్నా, తప్పయిపొయింది మేడమ్, అను. అంతే దా."

"నేను కట్టలేదు గదా సార్."

"కట్టలేదు రా. కట్టినావని ఎవరన్నారు?" జనార్దనం నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఒక మాట అనాల, అంతే. అంటే ఇంకెంత కాలమైనా నువ్వు ప్యాకింగులో ఉంటావు. అది నా పూచీ. అనలేదనుకో, చేతికి రెండు యేళ్ళు లేనోణ్ణి ఓనరు ఎందుకు పెట్టుకోవాల? ఎస్టేటులో ఇంకెవరు పెట్టుకుంటారు? ఆలోచించు. టీ తాగు, ఆరిపోతా ఉంది."

ప్యాకింగుకు తిరిగి పోవాలంటే ప్రెస్సు షెడ్డు దాటాలి. ఇన్నాళ్ళూ తల వంచుకుని దాటేవాడు. ఆ రోజు ఆగి చూశాడు. తను కూర్చున్న ప్రెస్సు ముందు ఇప్పుడు కన్నియప్పన్ కూర్చున్నాడు. తల నెరిసిన మనిషి. ఎడమచెయ్యి బటను మీద. కుడిచెయ్యి రేకుతో లోపలికి, రేకు లేకుండా బయటికి. ధన్. ధన్. ధన్.

కుడిపక్క బటను మీద ట్యూబు ముక్క. అదే ముక్క. యాక్సిడెంటయ్యాక కొన్నాళ్ళు విప్పి, అందరూ ఆ మాట మర్చిపోయాక మళ్ళీ కట్టారు. దాని మీద గ్రీజు అడుగున ఎర్రటి మచ్చ. ఆయుధపూజ బొట్టు. ఆ పండగనాడు జనార్దనం సారే గంధం గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని షెడ్డు షెడ్డూ తిరిగాడు. అందరూ గుమ్మడికాయ మోసుకుంటూ వెనక నడిచారు. మోటారుకు బొట్టు, డైకి బొట్టు, స్పానర్లకు బొట్టు, ఆ ఊపులో కట్టేసి ఉన్న ట్యూబుకూ బొట్టు. అప్పటికి మోహన్‌రాజ్ పక్క షెడ్డులో డ్రిల్లింగు మీద ఉన్నాడు. ఈ ప్రెస్సుకు మార్చింది దీపావళి పోయాక.

కన్నియప్పన్ తలెత్తి ఒకసారి చూసి, గభాలున రేకు మీదికి దించుకున్నాడు. ప్రెస్సు మీదున్నవాడు ఎవరి మొహమూ చూడకూడదు.

*

పట్టరవాక్కంలో రైలెక్కి బేసిన్ బ్రిడ్జి స్టేషన్లో దిగేదాకా లేని వేలు దురద పెడుతూనే ఉంది. చూపుడు వేలి కొస. అక్కడ ఇప్పుడు గాలి తప్ప ఏమీ లేదు. గాలిని ఎట్లా గోక్కోవాలో డాక్టరు చెప్పలేదు. తువ్వాలు మీంచి మొండిని నొక్కుకున్నాడు. పక్కనున్నవాడు చూసి కొంచెం జరిగాడు.

చూలైలో వాళ్ళది మేడ మీద ఒక గది, ఒక వంటిల్లు. కింద అట్టపెట్టెలు చేసే కార్ఖానా. అక్కణ్ణుంచి మిఠాయి డబ్బాల అట్టలు పైకొస్తాయి. భార్య విజయ వాటిని గీతల మీద మడిచి, చెవులు చీలికల్లో దూర్చి, పేర్చి కిందికి పంపుతుంది. మోహన్‌రాజ్ మెట్లెక్కేసరికి లోపల కూతురు కార్తీక నవ్వు వినిపించింది. వాకిట్లో చెప్పులు విడిచేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. కార్తీక తన అవ్వ రాజలక్ష్మమ్మ వీపు వెనక్కి జరిగి కూర్చుంది. ఈ ఏడే ఒకటో తరగతిలో చేరింది. నైనా చేతికి దెబ్బ తగిలింది, తాకొద్దు, చూడొద్దు అని ఎప్పుడో ఒకరోజు గట్టిగా చెప్పారు. అది ఆ మాట ఇంకా పాటిస్తోంది. చెయ్యినే కాదు, మనిషినీ చూడటం మానేసింది.

విజయ అన్నం కలిపి పెట్టింది. అతను గోడవైపు తిరిగి, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. తింటూనే జనార్దనం మాటలు చెప్పాడు. విజయ వేళ్ళు ఆగలేదు. మడత, మడత, చెవి దూర్చడం, పక్కన పెట్టడం. పది వేళ్ళూ పదిమంది కూలీల్లా పనిచేస్తున్నాయి. అతనికి అటు చూడబుద్ధి కాలేదు.

"చెప్పెయ్యి మామా" అంది చివరికి. విజయకు అతను సొంత మేనమామ. పెళ్ళి కాకముందూ మామే, ఇప్పుడూ మామే.

"ఏం చెప్పాల?"

"వాళ్ళు చెప్పమన్నదే. చేతికి పొయిన యేళ్ళు ఎట్టా రావు. పని కూడా పోవాల్నా?"

"అంటే నా చెయ్యి నేనే నరుక్కున్నా అని చెప్పాల!"

"నేను అట్టన్నానా? ఇల్లు గడవాల గదా అంటా ఉండా. నీకు రోషం ఉంది. రోషం పొయ్యి మీద పెడితే ఉడుకుతుందా?"

చెంచా గోడకు తగిలి గణగణమని వంటింట్లోకి దొర్లింది. విసిరింది ఎడమచెయ్యి. అలవాటు లేని చెయ్యి, గురి లేదు. విజయ తల పక్కగా పోయింది. కార్తీక అవ్వ పైట నోట్లో కుక్కుకుంది. రాజలక్ష్మమ్మ కొడుకు మొహంలోకి చూస్తూ, "ఇంకేం లేదా ఇసిరేదానికి? నన్ను కూడా ఇసురు, తేలిగ్గా ఉంటా" అంది.

అతను కంచంలో చెయ్యి కడుక్కుని మేడ మెట్ల మీదికి పోయి కూర్చున్నాడు. వెనక మళ్ళీ అట్టల చప్పుడు మొదలైంది. ముందుకంటే గట్టిగా.

*

శనివారమంతా ఆ వాక్యాన్ని నోట్లో తిప్పుకున్నాడు. నేనే కట్టుకున్నా మేడమ్. తప్పయిపోయింది మేడమ్. ప్యాకింగు టేపు చింపుతూ ఒకసారి, పెట్టె మూస్తూ ఒకసారి. మధ్యాహ్నానికి అది నాలుకకు అలవాటైంది. చిన్నప్పుడు మానేసిన బడి గుర్తొచ్చింది. అక్కడా అంతే. అర్థంతో పని లేదు, అప్పజెప్తే చాలు.

సాయంత్రం స్టేషన్లో కన్నియప్పన్ వచ్చి బెంచీ మీద పక్కన కూర్చున్నాడు. టిఫిన్ క్యారియరు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, పట్టాల వైపు చూస్తూ తమిళంలో అడిగాడు.

"నువ్వే కట్టుకున్నానని చెప్తావంట గదా తమ్ముడూ?"

మోహన్‌రాజ్ తువ్వాలు ఇంకోచుట్టు బిగించుకున్నాడు.

"తప్పనను. నేనైనా అదే చెప్తానేమో. ఒక సంగతి మాత్రం రాత్రంతా ఆలోచించాను. నువ్వు కట్టుకున్నానంటే, ఆ ముక్క ఎప్పుడూ ఎవడికి వాడు కట్టుకున్నదే అవుతుంది. ఇప్పుడు అక్కడ కూర్చున్నది నేను." కన్నియప్పన్ తన కుడిచేతిని తిప్పి చూసుకున్నాడు, కొత్తగా కొన్న వస్తువును చూసుకున్నట్టు. "సరే, బండొచ్చింది."

రైల్లో ఇద్దరూ వేరే వేరే చోట్ల నిలబడ్డారు.

*

ఆదివారం తెల్లారేసరికే వాన. మధ్యాహ్నానికి వీధిలో మడమల దాకా నీళ్ళు, ఇంట్లో కరెంటు లేదు. అట్టలు చెమ్మెక్కి మెత్తబడ్డాయి. మడిస్తే గీత మీద చిరుగుతున్నాయి. విజయ రెండు చింపి, తిట్టుకుని, కట్టలన్నిటికీ పాత చీర కప్పేసింది. పని లేని చేతులతో ఏం చెయ్యాలో తెలియక బియ్యంలో రాళ్ళు ఏరుతూ వంటింటి గడపలో కూర్చుంది. శుక్రవారం నుంచి మొగుడితో మాట్లాడలేదు. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్ర లేదు.

"అవ్వా, టీవీ."

"కరెంటు తెచ్చియ్యి, పెడతా."

"అప్పురం ఇంకేం చేసేది?"

"చేతులు పెట్టు. నా చిన్నప్పుడు మాకేం టీవీ ఉండిందా? రెండు చేతులకు పది యేళ్ళుంటే ఆటే."

నేల మీద అరచేతులు పరిచిన చప్పుడు. రాజలక్ష్మమ్మ గొంతు సన్నగా ఎత్తుకుంది. మోహన్‌రాజ్‌కు ఆ పాట వినగానే గుర్తొచ్చింది మనసుకు కాదు, చేతులకు.

"అత్తింట్లో అరిసెలు, మామింట్లో మరమరాలు, పిల్లొచ్చె పిల్లొచ్చె ఎలకమ్మా, ఈ యేలు పొయ్యి దాక్కో!"

ఒక్కో మాటకూ ఒక్కో వేలిని తాకుతూ పోవాలి. 'దాక్కో' అన్న మాట ఏ వేలి మీద పడితే ఆ వేలు మడిచి అరచేతి కింద దాచాలి. పదీ ముందు దాక్కున్నవాళ్ళది గెలుపు.

కార్తీక రెండాటలు ఓడిపోయింది. మూడో ఆటకు గొంతులో ఏడుపు దూరింది.

"అవ్వా, నువ్వు నెమ్మదిగా పాడతా ఉండావు. నీ యేలు కాడికి వచ్చేటప్పటికి దా దాక్కో వస్తా ఉంది. చీటింగు!"

"ఇద్దరైతే అట్ట దా. ముగ్గురుండాల. పొయ్యి మీ నైనను పిలువు."

వాన చప్పుడు. చిన్న పాదాలు దగ్గరికొచ్చి ఆగాయి. వెనక ఊపిరి వినిపిస్తోంది. పిలవలేదు, తాకలేదు. పిలవాలా వద్దా అని నిలబడింది. ఎంతసేపు నిలబడుతుందో చూద్దామనుకున్నాడు అతను. చూడలేకపోయాడు. లేచి కూర్చున్నాడు. అది ఒకడుగు వెనక్కి వేసింది.

"పద" అన్నాడు.

నేల మీద కూర్చుని ఎడమచెయ్యి పరిచాడు. తువ్వాలు చుట్టిన కుడిచెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

కార్తీక ఆ చెయ్యి వంక చూసింది. అవ్వ వంక చూసింది. చూడొద్దన్నారు. కానీ ఆటకు ఆట రూలు ఉంది కదా.

"రెండు చేతులూ పెట్టాల" అంది, నేల వైపు చూస్తూ.

"నాకు అయిదు చాలు లే."

"అయిదుంటే బిరీన గెలిచేస్తావు. అది చీటింగు."

వంటింటి గడపలో బియ్యం ఏరే చప్పుడు ఆగిపోయింది. మోహన్‌రాజ్‌కు చెవుల్లో ధన్, ధన్ అని వినబడింది. లేచి పోదామనుకున్నాడు. లేవడానికి నేల మీద ఆనించాల్సింది ఆ చెయ్యే. తువ్వాలు కొస పళ్ళతో పట్టుకుని లాగాడు. అది ఊడి ఒళ్ళో పడింది. కుడిచెయ్యి తెచ్చి ఎడమచెయ్యి పక్కన పెట్టాడు. బొటనవేలు. ఆ పక్కన రెండు ఎర్రటి బుడిపెలు. ఉంగరపు వేలు. చిటికెన వేలు.

కార్తీక వంగి చూసింది. దగ్గరగా, పడిపోయిన పిచుకపిల్లను చూసినట్టు. అది ఏడుస్తుందని అతను చూస్తున్నాడు. దాని నుదురు ముడిపడింది.

"ముందే దాచేసినావు!"

"ఆఁ?"

"పాట మొదలు కాకముందే రెండు యేళ్ళు దాచేసినావు. అవ్వా, చూడు! నైన దొంగాట ఆడతా ఉండాడు!"

"నేను దాచలేదు తల్లీ."

"మరి ఎవరు దాచినారు?"

అతను తల్లి వైపు చూశాడు. తల్లి చూరు వైపు చూసింది.

"మిషను" అన్నాడు.

"మిషను పాట పాడిందా?"

"లేదు."

"పాట పాడకుండా దాచేసిందా?" కార్తీక కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే అది దా దొంగాట! నీది కాదు. మిషన్ది. ఆ యేళ్ళు లెక్కలోనే ఉంటాయి. సరేనా అవ్వా? రూలు గదా?"

"రూలే మరి" అంది రాజలక్ష్మమ్మ, ముక్కు ఎగబీల్చి. "పాట రాకుండా దాక్కుంటే దాక్కున్నట్టు కాదు. మా అమ్మ కాలం నుంచీ అంతే."

"నేను పాడతా."

ఎత్తుకుంది. అవ్వ వేళ్ళు, తన వేళ్ళు, నైనా ఎడమచేతి వేళ్ళు. కుడిచేతికి వచ్చింది. బొటనవేలి మీద ఒక మాట. తరువాతి మాటకు దాని వేలు బుడిపె మీద వాలలేదు. దాన్ని దాటి ముందుకుపోయి, చూపుడు వేలి కొస ఎక్కడ ఉండాలో అక్కడ, ఉత్త నేలను తాకింది. సరిగ్గా అక్కడే.

మోహన్‌రాజ్ ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నాళ్ళుగా గోక్కోలేక చచ్చిన చోటు అది. ఎవరో గోకినట్టు దురద తగ్గింది.

"ఎందుకు నవ్వుతా ఉండావు?"

"గిలిగింత."

"నేలకా?"

"నాకే."

కార్తీక మళ్ళీ అక్కడే గోకింది, పరీక్షించడానికి. అతను చెయ్యి లాక్కున్నాడు. అది పకపకా నవ్వింది. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ గోకింది. రాజలక్ష్మమ్మ పళ్ళు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చి, ఆ దగ్గులోనే నవ్వింది. 'దాక్కో' వచ్చి లేని వేలి మీద పడినప్పుడు అదెట్లా దాచాలని పెద్ద తగాదా. కార్తీకే తీర్పు చెప్పింది. ఆ వేలి పేరు మీద నేల మీద ఒక బియ్యపు గింజ పెట్టాలి, దాక్కుంటే తీసెయ్యాలి. గింజలు విజయే ఇచ్చింది. ఇస్తూ నవ్వబోయి, మొగుడి కళ్ళలోకి చూసి, నవ్వును మూతి బిగించి మింగేసింది.

ఆ పొద్దంతా ఆడారు. మోహన్‌రాజ్ ఒక్కటీ గెలవలేదు. వాన తగ్గి కరెంటు వచ్చాక కూడా టీవీ మాట ఎవరూ ఎత్తలేదు. కార్తీక తువ్వాలు తీసుకుని బొమ్మకు చీర కట్టింది.

దీపాలు పెట్టే వేళకు విజయ అతని పక్కగా పోతూ, రెండు రోజుల తరువాత మొదటిసారి మాట్లాడింది.

"రేపటి మాట మర్చిపోవాకు మామా."

*

సోమవారం పొద్దున తువ్వాలు కోసం వెతికితే కనబడలేదు. కార్తీక దాన్ని బొమ్మకు చుట్టి, ఆ బొమ్మను కావిలించుకుని నిద్రపోతోంది. లాగితే లేస్తుంది. ఇంకో తువ్వాలు తీగ మీద తడిగా వేలాడుతోంది. మోహన్‌రాజ్ ఒట్టి చేత్తోనే మెట్లు దిగాడు. రైల్లో పై కడ్డీ పట్టుకున్నాడు. ఎదుటివాడు చూశాడు. చూస్తే చూడనిమ్మనుకున్నాడు.

నేనే కట్టుకున్నా మేడమ్. వాక్యం భద్రంగానే ఉంది. కొరట్టూరు దాటాక ఒకసారి అప్పజెప్పుకున్నాడు కూడా.

ఇన్‌స్పెక్టరు మేడమ్ ప్రెస్సు షెడ్డులోనే ఒక మూల మేజా వేయించుకుని కూర్చుంది. తడిసిన గొడుగు కుర్చీకి తగిలించి ఉంది. ఆ రోజు షెడ్డు నేల తుడిచారు. మిషన్ల మీద నూనె మరకలు తుడిచారు. ట్యూబు ముక్క కనబడలేదు. కన్నియప్పన్ రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కుతున్నాడు, పూజ చేస్తున్నంత నెమ్మదిగా.

జనార్దనం అప్పటికే తమిళంలో సగం చెప్పేశాడు. "పనిమంతుడే మేడమ్. ఆత్రం. మేము వద్దంటూనే ఉంటాం. అతనే కట్టుకున్నాడు. ఆ ట్యూబు ఆ రోజే తీసి పారేశాం. అతన్నే అడగండి."

మేడమ్ తలెత్తింది. "కూర్చోండి. బటను ఎవరు కట్టారు?"

మోహన్‌రాజ్ కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. దాచుకునే తువ్వాలు లేదు. రెండూ తెచ్చి మేజా మీద పరిచాడు. పక్కపక్కనే, వేళ్ళు విప్పి. పెట్టాక గానీ తెలియలేదు, నిన్న నేల మీద ఎట్లా పెట్టాడో అట్లాగే పెట్టాడని.

వాక్యం నాలుక చివర ఉంది. మేడమ్ అతని చేతి వైపు చూస్తోంది. వేళ్ళు లేని చోటును చూస్తోంది.

"నేను కాదు" అన్నాడు.

జనార్దనం గొంతు సవరించుకున్నాడు. "మోహనా" అన్నాడు తెలుగులో, మెల్లగా. "సరిగ్గా ఆలోచించి చెప్పు రా."

"నేను కట్టలేదు మేడమ్. దీపావళి పోయాక నన్ను ఆ ప్రెస్సు మీద వేశారు. అప్పటికే కట్టి ఉంది. దాని మీద ఆయుధపూజ బొట్టు ఉంది. అప్పుడు నేను పక్క షెడ్డులో డ్రిల్లింగు మీద ఉన్నాను."

"ఏ బొట్టు? ఎక్కడుంది ఆ ట్యూబు?" జనార్దనం నవ్వాడు. "పారేశామని చెప్పాం గదా మేడమ్. ఏదో మనసులో బాధ..."

ప్రెస్సు ఆగింది. మోటారు మాత్రం తిరుగుతోంది. కన్నియప్పన్ స్టూలు మీంచి లేచి, గోడకు తగిలించిన తన సంచి దగ్గరికి పోయాడు. టిఫిన్ క్యారియరు కింద నుంచి నల్లటి ముక్క ఒకటి తీశాడు. వచ్చి మేజా మీద, మోహన్‌రాజ్ చేతుల పక్కన పెట్టాడు.

"మేడమ్ పోయాక మళ్ళీ కట్టమని పొద్దున నా చేతికిచ్చారు" అన్నాడు. పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

మేడమ్ ట్యూబును పెన్నుతో తిప్పింది. బొటనవేలితో గ్రీజు తుడిచింది. కుంకుమ, దాని కింద ఎండి పగిలిన గంధం.

"పూజలో బొట్లు ఎవరు పెట్టారు?"

జనార్దనం నోరు తెరిచాడు. అబద్ధానికి అలవాటుపడిన మనిషే గానీ, గంధం గిన్నె పట్టుకుని ముందు నడిచిన సంగతి షెడ్డులో అందరూ చూశారు. దేవుడి పని కాదనలేకపోయాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. మేడమ్ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమె ఏం రాస్తుందో, అది ఎక్కడికి పోతుందో, దారిలో ఎవరు తింటారో మోహన్‌రాజ్‌కు తెలియదు. పెద్దగా ఆశ కూడా లేదు.

గేటు దగ్గర జనార్దనం అతన్ని ఆపాడు. రేపట్నుంచి రావొద్దని, అవసరమైతే కబురు చేస్తామని చెప్పాడు. తమిళంలో చెప్పాడు.

మోహన్‌రాజ్ షెడ్డు వైపు చెవి పెట్టాడు. మేడమ్ ట్యూబు ముక్కతో సహా వెళ్ళిపోయింది. ప్రెస్సు మళ్ళీ కొడుతోంది. ధన్. చాలాసేపు ఏమీ లేదు. ధన్. మళ్ళీ చాలాసేపు.

*

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. విజయ ముందు అట్టల గుట్ట. ఆ వేళప్పుడు ఇంటికొచ్చిన మొగుడిని చూసి ఆమెకు అర్థమైంది.

"చెప్పలేదా?"

"చెప్పలేదు."

ఆమె చేతిలో డబ్బా సగం మడతలో ఉంది. పూర్తి చేసింది. ఇంకొకటి తీసింది. చెవి తప్పు చీలికలో దూరింది, లాగితే చిరిగింది. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి తీసింది. అదీ చిరిగింది. ఈసారి చెమ్మ లేదు. అతను వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. తిట్టినా బావుండేది. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, చిరిగిన అట్టల వంక చూస్తూ కూర్చుండిపోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. కార్తీక బడి నుంచి వచ్చింది, వెనక రొప్పుతూ అవ్వ. తండ్రిని చూసి ఆగింది. ఈసారి వెనక్కి పోలేదు. సంచి గిరాటేసి, పక్క మీద బొమ్మ చుట్టూ ఉన్న తువ్వాలు ఊడదీసి తెచ్చింది.

"నైనా, నీ తువ్వాలు. పొద్దున వెతికినావంట, అవ్వ చెప్పింది."

"బొమ్మకు ఉండనీ. నాకొద్దు."

"నిజం దా?"

"నిజం దా."

కార్తీక తువ్వాలు మళ్ళీ బొమ్మకు చుట్టి, అక్కడే నేల మీద చతికిలబడి చేతులు పరిచింది. అవ్వ ఊపిరి అందుకుంటూ కూర్చుంది. మోహన్‌రాజ్ కూర్చుని రెండు చేతులూ పెట్టాడు. వేళ్ళు లేని చోట్లో బియ్యపు గింజలు పెట్టాలి. కార్తీక తల్లి వైపు చూసింది.

విజయ అట్టల మీంచి లేచింది. వంటింట్లోకి పోయింది. డబ్బా మూత తీసిన చప్పుడు. బయటికొచ్చి, గుప్పిట విప్పి రెండు గింజలు తీసి, ఒక్కోటీ మొగుడి చేతి ముందు సరిగ్గా పెట్టింది. ఒకటి కొంచెం పక్కకు దొర్లితే సర్దింది. లేచి పోతుందనుకున్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ పక్కనే కూర్చుంది. అట్టల దుమ్ము మోకాళ్ళకు తుడుచుకుని, తన పది వేళ్ళూ అతని కుడిచేతి పక్కన పరిచింది.

"అమ్మా, ఆ యేళ్ళు లెక్కలో ఉండాయి. తెలుసు గదా?"

"తెలుసు" అంది విజయ. గొంతు ఇంకా కోపంగానే ఉంది. "పాడు."

కార్తీక పాట ఎత్తుకుంది. దాని వేలు అవ్వ చేతుల మీంచి, తన చేతి మీంచి గెంతుకుంటూ వచ్చింది. నైనా ఎడమచెయ్యి, కుడిచేతి బొటనవేలు. ఒక గింజ, ఇంకో గింజ, ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఎక్కడా ఆగకుండా అమ్మ చేతి మీదికి దాటింది.